హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు విమాన దూరం, ప్రయాణ సమయం: తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్ చుట్టుపక్కల ఉన్న ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ లాంటి పేర్లు ఇవాళ కరీంనగర్‌లోనూ గుంటూరులోనూ పక్క ఊళ్ల పేర్లంత మామూలుగా వినపడుతున్నాయి. పిల్లల దగ్గరికి తొలిసారి వెళ్లే అమ్మానాన్నలు, ఆగస్టు సెమిస్టర్‌కు బయలుదేరే విద్యార్థులు, వాళ్ల కోసం టికెట్లు వెతికే అన్నలు, అక్కలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. దూరం ఎంతో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, అమెరికాలో మొదట ఎక్కడ దిగాలి అన్నవే అసలు తేల్చుకోవాల్సినవి. ఆ జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూమి ఒంపును బట్టి కొలిస్తే అతి దగ్గరి దూరం సుమారు 14,400 కి.మీ. మైళ్లలో దాదాపు 8,960. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 7,800కు కాస్త తక్కువ.

ఒక్కో వెబ్‌సైట్లో ఒక్కో అంకె కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కొన్ని ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి, కొన్ని విమానాశ్రయం నుంచి. కొన్ని భూమిని నిండు గుండ్రంగా అనుకుని లెక్కేస్తాయి, కొన్ని ధ్రువాల దగ్గర ఉన్న నొక్కును కూడా కలుపుతాయి. వాటి మధ్య తేడా కొద్ది పదుల కిలోమీటర్లే.

ఈ 14,400 నేరుగా ఎగిరితే. మధ్యలో ఒకచోట దిగి ఇంకో విమానం ఎక్కే మామూలు ప్రయాణంలో లెక్క 15,400 నుంచి 15,700 కి.మీ. దాకా పోతుంది.

అమెరికా పడమర వైపు కదా, దగ్గరి దారి ఉత్తరంగా ఎందుకు ఉంటుంది?

గోడ మీద వేలాడే ప్రపంచ పటం చూస్తే హైదరాబాద్ నుంచి పడమరకు అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా గీత గీయాలనిపిస్తుంది. ఆ గీత వెంట ఎగిరితే దాదాపు 17,700 కి.మీ. అవుతుంది, అంటే 3,300 కి.మీ. అదనం. పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని, ఒక దారాన్ని హైదరాబాద్ మీద ఒక కొస, డల్లాస్ మీద ఇంకో కొస పెట్టి బిగించి చూడండి. దారం తనంతట తనే ఉత్తర ధ్రువం వైపు జారుతుంది.

కారణం రేఖాంశాల్లో ఉంది. శంషాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే డల్లాస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమర మీద ఉంది. రెండూ కలిపితే 175 డిగ్రీలు. 180 అయితే సరిగ్గా భూమికి అటూ ఇటూ ఉన్నట్టు, అప్పుడు దగ్గరి దారి ధ్రువం మీదుగానే పోతుంది. ఇక్కడ ఐదు డిగ్రీలు తగ్గింది కాబట్టి ధ్రువానికి సుమారు 500 కి.మీ. పక్కనుంచి పోతుంది.

ఆ దారిని వేలితో పట్టుకుని వెళ్తే ఆశ్చర్యంగా ఉంటుంది. శంషాబాద్‌లో లేచిన గీత దాదాపు నిటారుగా ఉత్తరానికి పోయి ఢిల్లీ మీదుగా, లద్దాఖ్ మీదుగా, చైనా పడమటి కొసన ఉన్న కష్‌గర్ మీదుగా కిర్గిజ్‌స్థాన్, కజకిస్థాన్ దాటుతుంది. సైబీరియాలో ఓమ్‌స్క్ నగరాన్ని తాకి, ఆర్కిటిక్ సముద్రం దాటి, కెనడా ఉత్తరపు దీవుల మీదుగా కిందికి దిగుతుంది. మినెసోటా, కాన్సస్, ఓక్లహోమా దాటితే డల్లాస్. అట్లాంటిక్ మహాసముద్రం అసలు తగలదు.

మరి హైదరాబాద్–డల్లాస్ నేరు ఫ్లైట్ ఎందుకు లేదు?

అంత దూరం ఆగకుండా ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సింగపూర్ ఎయిర్‌లైన్స్ 15,300 కి.మీ. పైచిలుకు ఒకే ఎగురులో పోతోంది, పద్దెనిమిదిన్నర గంటలకు పైగా. అయితే ఆ ఎయిర్‌బస్ ఏ350 ప్రత్యేక రకంలో ఉన్నవి 161 సీట్లే. అందులో మామూలు ఎకానమీ సీటు ఒక్కటీ లేదు. ఎంత దూరం పోవాలంటే అంత ఇంధనం మోయాలి, ఆ బరువు కోసం మనుషుల్నీ సరుకునూ తగ్గించుకోవాలి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు, పిల్లల్ని చూడబోయే తల్లిదండ్రులు. టికెట్ ధర రెట్టింపైతే వాళ్లు ఆ విమానం ఎక్కరు.

రెండో చిక్కు దారిలోనే ఉంది. లద్దాఖ్, కారాకోరం కొండల మీద విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే కిందికి దిగాలి. కింద కొండలే అంత ఎత్తున ఉంటే దిగడానికి చోటుండదు. అందుకే విమానాలు సాధారణంగా ఆ ప్రాంతాన్ని చుట్టి పోతాయి. ఆపైన రష్యా. 2022 నుంచి అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ విమానాలకు ఆ గగనతలం మూసి ఉంది. కాబట్టి అమెరికన్ కంపెనీ ఏదైనా ఈ సర్వీసు నడపాలనుకున్నా దగ్గరి దారి దానికి దొరకదు.

ధ్రువం దగ్గర చలి కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో వాడే జెట్ ఏ ఇంధనం సున్నాకు 40 డిగ్రీల దిగువన గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మనవైపు దొరికే జెట్ ఏ-1 అయితే 47 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ధ్రువం మీదుగా వెళ్లే పైలట్లు రెక్కల్లోని ఇంధనం ఎంత చల్లబడిందో చూసుకుంటూనే ఉంటారు. అవసరమైతే ఎత్తు తగ్గిస్తారు, లేదా వేగం పెంచుతారు.

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరు సర్వీసు అసలు నడవలేదా అంటే, నడిచింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో సర్వీసు మొదలుపెట్టింది. ఆ దూరం సుమారు 13,300 కి.మీ. తర్వాత అది ఆగిపోయింది. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం తీసుకొచ్చారు. ఆ వార్త చదివిన రోజు మన హైదరాబాద్‌కూ ఒక స్థిరమైన నేరు ఫ్లైట్ వస్తుందని ఆశపడినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆ ఆశ ఇంకా ఉంది.

మొత్తం ప్రయాణానికి ఎన్ని గంటలు పడుతుంది?

ఒకే స్టాప్ ఉన్న మంచి టికెట్‌లో శంషాబాద్‌లో లేచింది మొదలు డల్లాస్‌లో దిగేదాకా 22 నుంచి 26 గంటలు. గాలిలో గడిచేది అందులో 20 గంటలు, కాస్త అటూ ఇటూ. మిగిలింది ట్రాన్సిట్, అంటే మధ్యలో విమానం మారడానికి ఆగే సమయం. రెండు స్టాపులుంటే 28 నుంచి 35 గంటలు పట్టడం మామూలే.

టికెట్ సైట్లలో చూపించే సమయం విమానం తలుపు మూసిన దగ్గర్నుంచి తలుపు తెరిచేదాకానే. ఇంట్లోంచి బయలుదేరడం, మూడు గంటల ముందే విమానాశ్రయం చేరడం, అక్కడ దిగాక ఇమిగ్రేషన్, లగేజీ, కారు ప్రయాణం, ఇవన్నీ కలుపుకుంటే ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి ఇంకో ఆరేడు గంటలు వేసుకోండి. పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు ఈ రెండో లెక్కే చెప్పాలి. "22 గంటలేనమ్మా" అని పంపిస్తే 30 గంటలకు ఇల్లు చేరిన అమ్మ ఆ అలసటకు సిద్ధంగా ఉండదు.

ఏ ఊరి మీదుగా వెళ్తే దగ్గర?

దూరం చూస్తే అన్నీ దగ్గర దగ్గరే. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా అయితే దాదాపు 15,400 కి.మీ. చొప్పున, దుబాయ్ మీదుగా 15,500, దోహా మీదుగా 15,700. అసలు తేడా ఆ దూరాన్ని రెండు విమానాల మధ్య ఎలా పంచుకుంటామన్నదాంట్లో ఉంది.

దోహా దారిలో మొదటి ఫ్లైట్ 2,900 కి.మీ., నాలుగు గంటల పైచిలుకు. రెండోది 12,700 కి.మీ., దాదాపు 16 గంటలు. దుబాయ్ కూడా అంతే. మొదటిది నాలుగు గంటలు, రెండోది 16 గంటలకు కాస్త ఎక్కువే. లండన్ దారిలో రెండు ఫ్లైట్లూ ఇంచుమించు సమానం, చెరో 10 గంటలు, పది పన్నెండు నిమిషాల నుంచి అరగంట దాకా అటూ ఇటూ. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో తొమ్మిదిన్నర గంటలు, ఆపైన 11 గంటలు.

నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేను లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ దారే చెబుతాను. 16 గంటలు ఒకే సీట్లో కూర్చోవడం అరవై దాటినవాళ్లకు చిన్న విషయం కాదు. మధ్యలో దిగి నాలుగడుగులు నడిస్తే ఒళ్లు తేలికపడుతుంది. కునుకు బాగా పట్టే కుర్రవాళ్లకైతే గల్ఫ్ దారే హాయి. మొదటి నాలుగు గంటలు చిటికెలో అయిపోతాయి, తర్వాత ఒకేసారి పడుకుని డల్లాస్ దగ్గర లేవొచ్చు. డల్లాస్‌కు ఎమిరేట్స్ 2012 నుంచి, ఖతార్ ఎయిర్‌వేస్ 2014 నుంచి నడుపుతున్నాయి. ఆ విమానాల్లో తెలుగు మాటలు వినపడని వరస ఉండదు, తొలిసారి వెళ్లేవాళ్లకు అదీ ఒక ధైర్యమే. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024లో మొదలైంది. లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ చాలాకాలంగా ఉంది.

సర్వీసులు, సమయాలు సీజన్‌కోసారి మారతాయి. కొనేముందు ఎయిర్‌లైన్ సొంత సైట్లో ఒకసారి సరిచూసుకోండి.

వెళ్లేటప్పుడు ఎక్కువ సమయం, వచ్చేటప్పుడు తక్కువ. ఎందుకు?

విమానాలు ఎగిరే ఎత్తులో, సుమారు 10 నుంచి 12 కి.మీ. పైన, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి నదిలా పారుతుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. దాని వేగం గంటకు 150 కి.మీ. దాటుతుంది, చలికాలంలో 300 దాకా పోతుంది. అమెరికా వైపు వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనకనుంచి నెట్టే గాలి. లండన్–డల్లాస్ పది గంటల పైన పడితే డల్లాస్–లండన్ తొమ్మిది గంటల్లో అయిపోతుంది. దోహా ఫ్లైట్‌కూ తిరుగు ప్రయాణంలో గంటకు పైగా కలిసొస్తుంది.

భూమి తిరుగుతోంది కాబట్టి ఇలా జరుగుతుందని కొందరు చెబుతుంటారు. భూమితో పాటు గాలి, ఆ గాలిలోని విమానం కూడా కలిసే తిరుగుతాయి. తేడా గాలివల్లే.

రెండు ఊళ్ల మధ్య టైమ్ తేడా ఎంత?

మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు. మిగతా చలికాలమంతా పదకొండున్నర గంటలు. ఎప్పుడూ మనమే ముందుంటాం. మన గడియారం మారదు, వాళ్లే ఏడాదికి రెండుసార్లు ఒక గంట ముందుకూ వెనక్కూ జరుపుకుంటారు.

ఒక లెక్క చూద్దాం. జూన్‌లో ఒక సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో ఎక్కారు. మొత్తం ఇరవై రెండున్నర గంటల ప్రయాణం. మన గడియారం ప్రకారం దిగేసరికి మంగళవారం వేకువన రెండున్నర. అందులోంచి పదిన్నర గంటలు తీసేస్తే డల్లాస్‌లో ఇంకా సోమవారం సాయంత్రం 4 గంటలే. ఇదే ఫ్లైట్ డిసెంబర్‌లో అయితే మధ్యాహ్నం 3 గంటలు.

తిరుగు ప్రయాణంలో రోజు మాయమవుతుంది. శుక్రవారం సాయంత్రం 7 గంటలకు డల్లాస్‌లో ఎక్కితే, 22 గంటల ప్రయాణం తర్వాత హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు దిగుతారు. శనివారం ముహూర్తం ఉన్న పెళ్లికి శుక్రవారం బయలుదేరితే అందుకోలేరన్నమాట. గురువారం బయలుదేరినా పెళ్లిరోజు తెల్లవారుజామునే దిగుతారు, ఫ్లైట్ ఆలస్యమైతే అంతే సంగతులు. బుధవారం కన్నా ఆలస్యం చేయొద్దు.

టికెట్ మీద 15వ తేదీ రాత్రి 12:40 అని ఉంది. ఎయిర్‌పోర్టుకు ఎప్పుడు వెళ్లాలి?

14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకల్లా. అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుంది, మన మాటల్లో మాత్రం అది ఇంకా "14 రాత్రి"గానే ఉంటుంది. 15న పగలంతా సర్దుకుని రాత్రికి విమానాశ్రయానికి పోయి, ఫ్లైట్ నిన్ననే వెళ్లిపోయిందని తెలుసుకున్న కుటుంబాలున్నాయి. హైదరాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యే లేస్తాయి కాబట్టి ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. టికెట్ రాగానే ఇంట్లో అందరికీ "ఫలానా వారం రాత్రి భోంచేసి బయలుదేరాలి" అని వారం పేరుతో చెప్పండి.

లేఓవర్ (రెండు ఫ్లైట్ల మధ్య ఆగే సమయం) ఎంత ఉంటే మంచిది?

గంటన్నర లేఓవర్‌తో కూడా ఎయిర్‌లైన్ టికెట్ అమ్ముతుంది. కానీ మొదటి ఫ్లైట్ నలభై నిమిషాలు ఆలస్యమైతే అంతా పరుగే. అమెరికా వెళ్లే ఫ్లైట్లకు గేటు దగ్గర మళ్లీ కాగితాలు చూస్తారు, ఒక్కోసారి బ్యాగులు విప్పిస్తారు. కాబట్టి గేటుకు ముందే చేరాలి. ఒంటరిగా వెళ్లే విద్యార్థికి రెండున్నర గంటలు చాలు. పెద్దవాళ్లకు మూడు నుంచి నాలుగు గంటలు పెట్టండి. ఐదు దాటితే ఆ కుర్చీల్లో కూర్చోవడమే ఒక శిక్ష.

రెండు వేర్వేరు టికెట్లు కొంటే చవగ్గా వస్తోంది. కొనొచ్చా?

వద్దు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకో ముంబైకో ఒక టికెట్, అక్కణ్నుంచి అమెరికాకు ఇంకో టికెట్ తీసుకుంటే, మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పినప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కు ఏ బాధ్యతా ఉండదు. కొత్త టికెట్ మీరే కొనుక్కోవాలి. లగేజీ కూడా మధ్యలో దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అన్నీ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే తర్వాతి ఫ్లైట్‌లో కూర్చోబెట్టే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. మిగిలే నాలుగు డబ్బుల కోసం ఆ భరోసా వదులుకోకండి.

అమెరికాలో మొదట ఎక్కడ దిగితే మంచిది?

డల్లాస్‌లోనే. ఈ పేజీలో ఒక్క సలహా గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

అమెరికాలో మొదట ఏ విమానాశ్రయంలో దిగితే అక్కడే ఇమిగ్రేషన్. షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి డల్లాస్‌కు ఇంకో ఫ్లైట్ ఎక్కే టికెట్ అయితే, ముందు ఇమిగ్రేషన్ వరసలో నిలబడాలి. తర్వాత బెల్టు దగ్గరికెళ్లి 23 కిలోల పెట్టెలు రెండూ దించుకుని బండి మీదికి ఎక్కించాలి, కస్టమ్స్ దాటాలి, బయట ఉన్న రీచెక్ కౌంటర్‌లో వాటిని మళ్లీ వేయాలి, ఇంకో టెర్మినల్‌కు రైలెక్కాలి, మళ్లీ సెక్యూరిటీ దాటాల్సి రావచ్చు. హైదరాబాద్‌లో "లగేజీ నేరుగా డల్లాస్‌లోనే వస్తుంది" అని చీటీ అంటించినా ఈ తతంగం మామూలుగా తప్పదు. ఇంగ్లిష్ అంతగా రాని అమ్మ ఒక్కతే ఇదంతా దాటాలి. గేటు బయట కొడుకు లేడు, అతను డల్లాస్‌లో ఉన్నాడు.

దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా డల్లాస్‌లో దిగే టికెట్ అయితే ఇమిగ్రేషన్, లగేజీ, కస్టమ్స్ అన్నీ చివర్లో ఒకేచోట. తలుపు దాటితే పిల్లలు కనపడతారు.

అబుదాబి సంగతి వేరు. అక్కడి విమానాశ్రయంలోనే 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు ఉంటున్నారు. తనిఖీ అంతా అక్కడే పూర్తవుతుంది, అమెరికాలో దేశీయ ప్రయాణికుడిలా బయటికి నడిచి వెళ్లిపోవచ్చు. డబ్లిన్‌లో కూడా ఇదే ఏర్పాటు ఉంది. షికాగో మీదుగా పోక తప్పదంటే అబుదాబి దారి మేలు.

ఇమిగ్రేషన్‌లో ఏం అడుగుతారు?

ఎందుకొచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎన్నాళ్లుంటారు, తిరుగు టికెట్ ఉందా. ఉన్నదున్నట్టు పొట్టిగా చెబితే చాలు. ఇంగ్లిష్ రాకపోతే తెలుగు అనువాదం కావాలని అడగొచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. పిల్లల పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పాస్‌పోర్టులో పెట్టండి. ఫోన్‌లో ఉంటే సరిపోదు, ఆ సమయానికి ఛార్జింగ్ అయిపోవచ్చు.

మధ్యలో ఆగే దేశానికి వీసా కావాలా?

దోహా, దుబాయ్, అబుదాబిలో విమానాశ్రయం దాటి బయటికి వెళ్లకపోతే అక్కర్లేదు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో కూడా చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు చేతిలో ఉండి, లోపలే ఫ్లైట్ మారుతుంటే ట్రాన్సిట్ వీసా లేకుండా సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది తిరుగు ప్రయాణంలో. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న చాలామందికి అమెరికాలో ఉండే అనుమతి ఉన్నా పాస్‌పోర్టు మీది వీసా స్టాంప్ గడువు దాటిపోయి ఉంటుంది. స్టాంపింగ్ కోసమే ఇంటికొస్తున్నవాళ్లు యూరప్ మీదుగా టికెట్ కొనేముందు ఆ దేశపు ట్రాన్సిట్ నిబంధన తప్పకుండా చూడండి. గల్ఫ్ దారిలో ఈ తలనొప్పి లేదు.

లగేజీ ఎంత? పచ్చళ్లు తీసుకెళ్లొచ్చా?

అమెరికా టికెట్లలో ఎకానమీకి సాధారణంగా 23 కిలోల పెట్టెలు రెండు. చవక టికెట్లలో ఒక్కటే ఉండొచ్చు, కొనేటప్పుడే చూసుకోండి. ఒక పెట్టెలో 27, ఇంకోదాంట్లో 19 ఉంటే కలిపి 46 కదా అంటే ఒప్పుకోరు, ఏ పెట్టెకు ఆ పెట్టే. శంషాబాద్ కౌంటర్ల ముందు ప్రతి రాత్రీ నేల మీద పెట్టెలు తెరిచి, కారప్పొడి పొట్లాలు ఇందులోంచి అందులోకి మార్చే కుటుంబాలు కనపడతాయి. కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ త్రాసు ఇంట్లో ఉంటే ఆ అవస్థ ఉండదు.

ఆవకాయ, గోంగూర, మాగాయ చెక్-ఇన్ పెట్టెలో పెట్టుకోవచ్చు. నూనె కారకుండా ప్యాక్ చేయించండి. చేతి సంచిలో మాత్రం వద్దు, పచ్చడిని ద్రవం కిందే లెక్కేస్తారు, 100 మిల్లీలీటర్లు దాటితే పారేయిస్తారు. పొడులకు కూడా ఒక పరిమితి ఉంది. అమెరికా వెళ్లే ఫ్లైట్ క్యాబిన్‌లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి డబ్బాలు ఆపుతారు. కందిపొడి, కారప్పొడి పెట్టెలోకే.

చికెన్, మటన్ పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. బంగినపల్లి మామిడిపళ్లూ అంతే. పచ్చి కరివేపాకు కూడా నిషిద్ధమే. కరివేప నిమ్మజాతి మొక్క. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని ఆకుల మీద బతుకుతుంది, టెక్సస్ దక్షిణాన ఆ తోటలున్నాయి. ఎండు కొబ్బరి తేలిగ్గా అంటుకుంటుందని చెక్-ఇన్ పెట్టెల్లోంచి తీయించేస్తారు. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. తినేవి ఏమైనా ఉన్నాయా అని కస్టమ్స్‌వాళ్లు అడిగితే "ఉన్నాయి, పచ్చళ్లు, స్వీట్లు" అని చెప్పేయండి. చెప్పి చూపిస్తే మహా అయితే తీసి పక్కన పెడతారు, దాస్తే జరిమానా.

పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తున్నారు. ఏం చూసుకోవాలి?

వీల్‌చైర్ పెట్టించండి. నడవగలిగినా సరే. దానికి డబ్బు తీసుకోరు. టికెట్ కొనేటప్పుడే, లేదంటే కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కు చెప్పాలి. "నాకేమైంది, కుర్చీలో కూర్చోడానికి" అని నాన్నలు మొండికేస్తారు. కాళ్ల కోసం కాదు, దారి తెలిసిన మనిషి వెంట ఉండటం కోసమని చెప్పి ఒప్పించండి. దోహా, లండన్ హీత్రూ లాంటి చోట గేటు నుంచి గేటుకు నడక చాలా ఉంటుంది, వీల్‌చైర్ తోసే మనిషే సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ వరసలు దాటిస్తారు.

బీపీ, షుగర్ మందులన్నీ చేతి సంచిలో, డాక్టర్ చీటీతో సహా. ఇన్సులిన్ పెట్టెలో వేయకండి, విమానం కింది అరలో చలికి పాడైపోవచ్చు. పదిన్నర గంటల తేడావల్ల రాత్రి వేసుకునే మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నది డాక్టర్‌ను ముందే అడిగి, హైదరాబాద్ టైమ్ ప్రకారం రాసి ఇవ్వండి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకోసారి లేచి వెనకదాకా నడిచి రావాలి. అందుకే నడవా పక్క సీటు తీసుకోండి. బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసే అమ్మలకు ఇది రెండుసార్లు చెప్పాలి.

శాకాహార భోజనం కూడా ముందే నమోదు చేయాలి. జాబితాలో "ఏషియన్ వెజిటేరియన్" అని ఉండేదే మనకు సరిపోయేది.

విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

విజయవాడ నుంచి శంషాబాద్‌కు కారులో ఐదు గంటలు వేసుకోండి. హైవే మీద పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి రాకుండానే విమానాశ్రయం చేరొచ్చు. సంక్రాంతి ముందూ వెనకా మాత్రం పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు బారులు తీరతాయి, ఇంకో రెండు మూడు గంటలు చేతిలో ఉంచుకోండి. వీలైతే ముందురోజే హైదరాబాద్‌లో చుట్టాలింటికి చేరిపోవడం ఉత్తమం. 22 గంటల ప్రయాణానికి ముందు ఐదు గంటలు కారులో కూర్చుంటే ఒళ్లు అప్పటికే హూనమవుతుంది.

గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా వెళ్లే టికెట్లూ ఉంటాయి. ఒకే పీఎన్‌ఆర్ అయితే పర్వాలేదు.

ఉన్నట్టుండి ఏదో దేశం గగనతలం మూసేస్తే?

ఈ మధ్య తరచూ జరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు దారి మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. 2025 జూన్‌లో ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూస్తే దోహాకు రావాల్సిన విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే, ఇంట్లోంచి కదలకముందే ఎయిర్‌లైన్ యాప్‌లో స్థితి చూడటం. టికెట్‌లో పిల్లల నంబరుతో పాటు ప్రయాణించేవాళ్ల నంబరూ ఇవ్వండి, మెసేజ్ ఇద్దరికీ రావాలి. ఏజెంటు తన నంబరే ఇస్తే ఆ మెసేజ్ మీకు చేరదు.

జెట్ ల్యాగ్ ఎన్నాళ్లుంటుంది?

పగలూ రాత్రీ పూర్తిగా తారుమారవుతాయి కాబట్టి వారం దాకా ఉంటుంది, పెద్దవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. దిగిన రోజు రాత్రి తొమ్మిది దాకా ఎలాగోలా మేలుకుని ఉంచండి. మర్నాటి నుంచి పొద్దున ఎండలో నడిపించండి.

డల్లాస్‌లో దిగాక బయటికి రావడానికి ఎంతసేపు? తీసుకెళ్లడానికి ఎప్పుడు రావాలి?

విదేశాల నుంచి వచ్చే ఫ్లైట్లకు టెర్మినల్ డీ. ఇమిగ్రేషన్, లగేజీ కలిపి గంట నుంచి రెండు గంటలు. సాయంత్రం రెండు మూడు పెద్ద విమానాలు ఒకేసారి దిగితే ఇంకాస్త ఎక్కువ. ఫ్రిస్కో నుంచి అరగంట, ఇర్వింగ్ నుంచి పదిహేను ఇరవై నిమిషాలే కాబట్టి యాప్‌లో ఫ్లైట్ దిగిందని చూశాక బయలుదేరినా అందుకుంటారు. తొలిసారి వచ్చే అమ్మానాన్నల కోసమైతే కాస్త ముందే వచ్చి, లోపలికెళ్లి, కస్టమ్స్ నుంచి బయటికొచ్చే తలుపు ఎదురుగా నిలబడండి. వాళ్ల ఫోన్‌లో ఇండియా సిమ్ పనిచేయకపోవచ్చు. విమానాశ్రయం వైఫై ఉచితమే, దానికి ఎలా కలపాలో బయలుదేరకముందే ఒకసారి చేయించి చూపించండి.